చేదబావికి ఉన్న ఒర ఈత కొలనుకు ఏది?

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల కలెక్టర్లకు, మున్సిపల్ కమిషనర్లకు, పంచాయతీ కార్యదర్శులకు. ఇంట్లోనో ఫామ్‌హౌస్‌లోనో స్విమ్మింగ్ పూల్ కట్టించుకున్నవాళ్లకు, కట్టించుకోబోతున్నవాళ్లకు:

నమస్కారం.

మేము పూల్స్ కట్టేవాళ్లం, వాటి మోటార్లూ నీళ్లూ చూసేవాళ్లం, ఈత నేర్పేవాళ్లం. బెంగళూరు రోడ్డు మీద జడ్చర్ల దాకా, విజయవాడ రోడ్డు మీద నార్కట్‌పల్లి దాకా, శ్రీశైలం రోడ్డు మీద కల్వకుర్తి దాకా ఎటు పోయినా ఇప్పుడు మామిడితోటల నడుమ నీలం టైల్స్ మెరుస్తున్నాయి. ఊళ్లో చేదబావికి నడుమెత్తు ఒర ఉంటుంది. నీళ్లు చేదుకునే ఆడవాళ్లు, చుట్టూ ఆడుకునే పిల్లలు జారి పడకూడదని కట్టిన ఒర అది. అదే ఊరి పొలిమేరలో కట్టిన పూల్‌కు ఏ అడ్డూ ఉండదు. నేలకు సమానంగా, అంచు దాకా నీళ్లతో తెరిచే ఉంటుంది. దానికి ఒర అడగడానికే ఈ లేఖ.

పూల్ ప్రమాదం అనగానే ఈత కొడుతూ మునిగిపోయినవాళ్లే అందరికీ గుర్తొస్తారు. ఐదేళ్లలోపు పిల్లల సంగతి వేరు. వాళ్లు ఎక్కువగా ఎవరూ ఈత కొట్టని వేళల్లోనే నీళ్లలో పడతారు. తల్లి వంట దగ్గర ఉంటుంది, తండ్రి ఫోన్‌లో ఉంటాడు, బిడ్డ పక్క గదిలో నిద్రపోతున్నాడని ఇద్దరూ అనుకుంటారు. ఫామ్‌హౌస్‌ల విషయంలో ఇంకో మాట చెప్పాలి. యజమాని శనివారం సాయంత్రం వచ్చి ఆదివారం రాత్రి వెళ్లిపోతాడు. మిగతా ఐదు రోజులూ ఆ నీళ్ల పక్కన కాపురం ఉండేది వాచ్‌మన్ కుటుంబం. భార్యాభర్తలిద్దరూ తోటలో పనిలో ఉంటే, నడక నేర్చిన వాళ్ల పిల్లలు ఆ గట్టు మీదే తిరుగుతుంటారు. పూల్ ఎవరికోసం కట్టారో వాళ్లకన్నా ఆ పిల్లలకే ప్రమాదం ఎక్కువ. వాళ్ల తరఫున అడిగేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఆ మాట మేము అడుగుతున్నాం.

కంచె ఎట్లా ఉండాలో కొలతలతో చెప్తాం. పూల్‌కు నాలుగు వైపులా, బయటి నేల నుంచి కనీసం 4 అడుగుల ఎత్తు ఉండాలి. 5 అడుగులైతే ఇంకా మంచిది. నిలువు కడ్డీల మధ్య సందు 4 అంగుళాల లోపు, కంచె కిందా అంతే. కొలిచే టేపు లేకపోయినా ఫర్వాలేదు. తోటలో డ్రిప్‌కు వాడగా మిగిలిన 90 ఎంఎం పైపు ముక్క తీసుకుని సందుల్లో దూర్చి చూడండి. ఎక్కడైనా దూరిందంటే ఆ సందును తగ్గించండి. అడ్డ కడ్డీలు రెండే ఉండాలి, అవి పూల్ వైపు ఉండాలి. బయటి వైపు ఉంటే పిల్లలకు నిచ్చెన వేసినట్టే. మన దగ్గర కడీలు పాతి నాలుగు వరసల తీగ లాగి కంచె అంటారు. అది పశువులను ఆపుతుంది, మూడేళ్ల పిల్లను ఆపదు. చైన్‌లింక్ జాలీ కూడా వద్దు. దాని కన్నాల్లో కాలివేళ్లు సరిగ్గా పడతాయి. కంచెకు బయట మూడడుగుల లోపల పూలకుండీ, ప్లాస్టిక్ కుర్చీ, ఏసీ అవుట్‌డోర్ యూనిట్, మామిడి కొమ్మ, ఎక్కడానికి పనికొచ్చేది ఏదీ ఉండకూడదు. చాలామంది ఖర్చుపెట్టి కంచె కట్టించి, దాన్నానుకునే సిమెంటు బెంచీ వేయిస్తారు. ఆ బెంచీతో కంచె ఎత్తు రెండున్నర అడుగులకు పడిపోతుంది.

కంచెలో అసలు ప్రాణం గేటుదే. గేటు బయటి వైపుకే తెరుచుకోవాలి. అప్పుడు గడియ సరిగ్గా పడకపోయినా, బిడ్డ వచ్చి ఆనుకుంటే గేటు మూసుకుంటుంది తప్ప తెరుచుకోదు. దానంతటదే మూసుకునేలా స్ప్రింగ్ బందులు, దానంతటదే పడేలా గడియ ఉండాలి. కంచె 4 అడుగులే అయినా గడియ నేలకు నాలుగున్నర అడుగుల ఎత్తున ఉండాలి. పరీక్ష చాలా తేలిక. గేటును జానెడు మాత్రమే తెరిచి వదలండి. టక్కుమని గడియ పడాలి. తర్వాత పూర్తిగా తెరిచి వదలండి. మళ్లీ పడాలి. పూర్తిగా తెరిచినప్పుడు ఊపు మీద గడియ పడి, జానెడు తెరిచినప్పుడు పడకపోతే స్ప్రింగ్ వదులైందని అర్థం. ఈ లోపం చాలా గేట్లలో ఉంటుంది. నల్లరేగడి నేలల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. మొదటి వానలకు మట్టి ఉబ్బుతుంది, ఎండలకు పగుళ్లిస్తుంది, స్తంభం సన్నగా పక్కకు ఒరుగుతుంది. గడియ నాలుక నాలుగైదు మిల్లీమీటర్లు తప్పుకుంటే చాలు, గేటు మూసినట్టే కనిపిస్తుంది గానీ పడి ఉండదు. అందుకే గేటు స్తంభాలను లోతైన గుంతలో కాంక్రీటు వేసి పాతాలి. రోహిణి కార్తె ఎండలు పోయాక ఒకసారి, మృగశిర వానలు పడ్డాక ఇంకోసారి ఈ పరీక్ష చేయాలి. దావత్ నాడు వంటవాళ్లు, సామాను మోసేవాళ్లు గేటు మాటిమాటికీ పడుతోందని ఇటుక అడ్డం పెడతారు. ఆ ఇటుకను తీయించే పని ఒకరికి అప్పజెప్పండి.

ఇంటి గోడనే నాలుగో వైపుగా లెక్కపెట్టుకోవద్దు. హాల్లోంచి నేరుగా పూల్ మీదికి తెరుచుకునే అద్దాల తలుపు ఉన్న ఇంట్లో, మూడు వైపులా కంచె ఉన్నా బిడ్డకు తొవ్వ తెరిచే ఉంది. ఇంటికీ పూల్‌కూ మధ్య కూడా కంచె రావాలి. స్థలం చాలనే చాలకపోతే ఆ తలుపుకు పెద్దవాళ్ల చేతికి మాత్రమే అందే గడియ, తెరిచినప్పుడల్లా మోగే మ్యాగ్నెట్ బెల్లు పెట్టించాలి. ఇది రెండో రకం ఏర్పాటే అని గుర్తుంచుకోండి. ఈత అయిపోయాక బంతులు, గాలి బాతులు నీళ్లలోనే వదిలేయొద్దు. పిల్లలు వాటి కోసమే వంగుతారు. ఈ వయసు పిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ, వంగితే తలకిందులుగా పోతారు. నీళ్ల మీద పరిచే బుడగల షీటును, కట్టిన టార్పాలిన్‌ను కాపుదల అనుకోవద్దు. దాని మీద అడుగేసిన బిడ్డ కిందికి జారితే షీటు మళ్లీ పైన మూసుకుంటుంది. పైనుంచి చూసేవాళ్లకు ఏమీ కనిపించదు.

అధికారులకు మా మొదటి విన్నపం ఇక్కడే. 2020లో టీఎస్-బీపాస్ చట్టం వచ్చినప్పటి నుంచి ఇంటి అనుమతులకు స్వీయ ధ్రువీకరణ మన రాష్ట్రంలో అలవాటైపోయింది. అదే దరఖాస్తులో పూల్ కడుతున్నారా అని ఒక ప్రశ్న పెట్టండి. అవునన్నవాళ్లు ప్లాన్‌లో కంచె, గేటు, గేటు తెరుచుకునే దిశ, పూల్ అడుగున నీళ్లు లాగే డ్రెయిన్లు, కరెంటు బోర్డు ఎక్కడున్నాయో గీసి చూపాలి. నీళ్లు నింపే ముందు కంచె, గేటు ఫొటోలు తీసి పంపాలి. గ్రామాల్లో పంచాయతీ కార్యదర్శి ఒక్కసారి వెళ్లి, గేటు జానెడు తెరిచి వదిలి చూస్తే చాలు. ఇంజినీరింగ్ చదువు అక్కర్లేని తనిఖీ ఇది, ఐదు నిమిషాల పని. ఇప్పటికే ఉన్న పూల్స్‌కు మూడు నెలల గడువు ఇవ్వండి. అద్దెకిచ్చే ఫామ్‌హౌస్‌లకు మాత్రం గడువు వద్దు. కంచె లేకపోతే బుకింగ్ ఆపాల్సిందే.

కంచె లోపలికి వెళ్లాక కాపలా సంగతి. మునిగిపోతున్న మనిషి చేతులు ఊపుతాడని, కాపాడమని కేకలేస్తాడని అందరూ అనుకుంటారు. ఊపిరి అందని మనిషి అరవలేడు. నోరు నీటి మట్టానికి వస్తూ పోతూ ఉంటుంది, చేతులు పక్కలకు చాచి నీళ్లను కిందికి అదుముతుంటాడు, నిలువుగా నిక్కుతున్నట్టు ఉంటాడు. అదీ నిమిషంలోపే అయిపోతుంది. పాటలు మోగుతున్న చోట, పదిమంది దూకుతున్న నీళ్లలో, చిన్నపిల్ల మునగడం పక్కనే ఉన్నవాళ్లకు కూడా తెలియదు. అందుకని దావత్ ఉన్నప్పుడు ఒక్క మనిషికి ఒక్కటే పని ఉండాలి, నీళ్లను చూడడం. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడట్లేదనే. మెడలో ఒక ఎర్ర రుమాలు కట్టుకోండి. అది ఉన్నంతసేపు ఫోన్ లేదు, ప్లేటు లేదు, పక్కవాళ్లతో ముచ్చట లేదు. పదిహేను నిమిషాలకు ఆ రుమాలు ఇంకొకరి చేతికి అందాకే మొదటి మనిషి పక్కకు జరగాలి. మందు తాగినవాళ్లకు ఆ రుమాలు ఇవ్వొద్దు, పన్నెండేళ్ల అక్కకూ ఇవ్వొద్దు. ఐదేళ్లలోపు పిల్లలు నీళ్లలో ఉంటే పెద్దవాళ్లు కూడా నీళ్లలోనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. చేతులకు తొడిగే గాలి సంచులు జారిపోతాయి, నడుం ట్యూబు తిరగబడితే తల కిందికి పోతుంది. ఒంటికి బిగుతుగా పట్టే లైఫ్‌జాకెట్టే నమ్మదగింది, అది కూడా మనిషి పక్కన ఉన్నప్పుడే. హోలీ నాడు రంగులు కడుక్కోవడానికి గుంపుగా దిగేటప్పుడు రుమాలు ఇద్దరికి కట్టండి. ఎవరి బిడ్డైనా కనిపించకపోతే గదులు, తోట, కార్లు తర్వాత. ముందు పూల్ అడుగు చూడండి.

అడుగు చూడాలంటే నీళ్లు తేటగా ఉండాలి. మన జిల్లాల్లో కష్టమంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాం. చాలాచోట్ల బోరునీళ్లు గట్టినీళ్లు, సున్నమూ క్షారమూ ఎక్కువ. ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారంటే మన నీళ్ల సంగతి అర్థం చేసుకోవచ్చు. ఈ నీళ్లు పూల్‌లో పోసి తిప్పుతుంటే పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారం చెప్పే అంకె) దానంతటదే పైకి ఎక్కుతుంది. దానికి తోడు బ్లీచింగ్ వేస్తే ఇంకా ఎక్కుతుంది. పీహెచ్ 7.2 దగ్గర ఉన్నప్పుడు నీళ్లలోని క్లోరిన్‌లో మూడింట రెండు వంతులు క్రిములను చంపే రూపంలో ఉంటుంది. 8కి చేరితే పావు వంతే. ఇంకా పెరిగితే సున్నం విడిపోయి నీళ్లు పాలలా తిరుగుతాయి, ఫిల్టర్‌లో ఇసుక గడ్డకడుతుంది. అప్పుడు నాలుగడుగుల లోతులో పడి ఉన్న బిడ్డ కూడా గట్టు మీదివాళ్లకు కనిపించదు.

నీళ్లు నింపకముందే బోరునీళ్లను పరీక్ష చేయించుకోండి. క్షారత 80 నుంచి 120, గట్టిదనం 200 నుంచి 400 పీపీఎం (లీటరు నీళ్లలో మిల్లీగ్రాములు) మధ్య ఉండాలి. 25 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, సగటున 4 అడుగుల లోతు ఉన్న పూల్‌లో దాదాపు 34,000 లీటర్లు పడతాయి. అందులో క్షారతను 10 పీపీఎం దించడానికి 32 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ సుమారు 670 మిల్లీలీటర్లు పడుతుంది. 300 ఉన్న క్షారతను 120కి దించాలంటే మొత్తం 12 లీటర్లు అన్నమాట. ఒక్కరోజే పోసేస్తే పీహెచ్ అడుగంటుతుంది, టైల్స్ సందుల్లోని సిమెంటును తినేస్తుంది. మోటారు నడుస్తుండగా రోజుకు లీటరు, పీహెచ్ చూసుకుంటూ పోయాలి. క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం ఉండాలి. ఇదే పూల్‌లో 1 పీపీఎం పెంచడానికి 68 శాతం హైపో పొడి (కాల్షియం హైపోక్లోరైట్) 50 గ్రాములు, 33 శాతం బ్లీచింగ్ పౌడర్ అయితే 100 గ్రాములు. మూతి కట్టని సంచిలో నెలలుగా పడున్న బ్లీచింగ్‌కు ఆ బలం ఉండదు. మే నెల ఎండకు నీళ్లలోని క్లోరిన్ రెండు మూడు గంటల్లో చాలావరకు హరించుకుపోతుంది కాబట్టి సాయంత్రం వేయండి, చుట్టాలు దిగే ముందు మళ్లీ చూసుకోండి. క్లోరిన్ టాబ్లెట్లు వాడితే వాటిలోని సయన్యూరిక్ ఆమ్లం ఎండ నుంచి క్లోరిన్‌ను కాపాడుతుంది. 30 నుంచి 50 పీపీఎం దాకా అది మేలే. 100 దాటితే క్లోరిన్ ఉన్నా లేనట్టే అవుతుంది, అప్పుడు సగం నీళ్లు తీసి కొత్తవి పోయడం తప్ప వేరే మందు లేదు. నీళ్లు ఆవిరయ్యే కొద్దీ బోరునీళ్లే మళ్లీ మళ్లీ పోస్తుంటాం గనుక ఉప్పులూ ఫ్లోరైడూ పేరుకుంటూ పోతాయి. పూల్‌లో వేసే ఈ యాసిడ్, క్లోరిన్ మందులేవీ ఫ్లోరైడ్‌ను తీయవు. పిల్లలకు నీళ్లు మింగొద్దని గట్టిగా చెప్పాలి. ఘాటు వాసన వచ్చి కళ్లు మండితే మందు ఎక్కువైందని అందరూ అంటారు. చాలాసార్లు అది చెమట, మూత్రంతో కలిసిపోయిన క్లోరిన్ వాసన, అంటే మందు చాలలేదని. దిగేముందు స్నానం అందుకే.

ఇవన్నీ కొలిచే కిట్టు ఇంట్లో లేకపోయినా ఒక పరీక్ష మాత్రం ఎవరైనా చేయొచ్చు. గట్టు మీద నిలబడి, లోతు ఎక్కువున్న చోట అడుగున ఉన్న డ్రెయిన్ మూత మీది గీతలు లెక్కపెట్టండి. లెక్కకు అందకపోతే ఆ పూట ఎవరూ దిగొద్దు, ఎంత దూరం నుంచి వచ్చినా సరే.

మందుల గది గురించి నాలుగు మాటలు. హైపో పొడి, యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన గదిలో మనిషిని పడేస్తుంది. హైపో పొడి, టాబ్లెట్లు కలిస్తే మంట అంటుకుంటుంది, డబ్బా పేలుతుంది. ఒకదానికి వాడిన మగ్గు ఇంకోదానికి వాడొద్దు, టాబ్లెట్ల డబ్బాలో బ్లీచింగ్ పోయొద్దు. బకెట్‌లో ముందు నీళ్లు, తర్వాతే మందు. తిరగేసి పోస్తే ముఖం మీదికి చిమ్ముతుంది. రెండు మందులకు మధ్య మోటారు నడుస్తూ కనీసం అరగంట గడవాలి. యాసిడ్‌ను కూల్‌డ్రింక్ సీసాల్లో నింపి పెట్టే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది, దయచేసి మానండి.

ఇక కంటికి కనిపించనిది, అడుగు డ్రెయిన్ లాగే బలం. 8 అంగుళాల గుండ్రటి డ్రెయిన్ మూత ఊడిపోయి, దాని మీద ఒక పిల్లవాడు కూర్చున్నాడనుకోండి. ఆ రంధ్రం వైశాల్యం 300 చదరపు సెంటీమీటర్లకు పైనే. మోటారు లాగే ఒత్తిడి వాతావరణ పీడనంలో సగం ఉన్నా 150 కిలోలకు మించిన బరువుతో అదిమిపట్టినట్టే. ఇద్దరు మగవాళ్లు లాగినా ఊడిరాడు. అమెరికాలో 2002లో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ల పాప వేడినీళ్ల తొట్టె (హాట్ టబ్) డ్రెయిన్ లాగే బలానికి చిక్కి ప్రాణం కోల్పోయింది. ఆ పాప పేరుతోనే 2007లో అక్కడ డ్రెయిన్ మూతల మీద చట్టం వచ్చింది. చేయాల్సింది కష్టమైనది కాదు. ఒకటి కాదు, రెండు డ్రెయిన్లు, మధ్య కనీసం మూడడుగుల దూరం, రెండూ ఒకే పైపులోకి కలవాలి. ఒకటి మూసుకుపోతే రెండోది లాగుతుంది, మనిషి విడిపోతాడు. వాటిలో ఒకదాన్ని మాత్రం కట్టేసే వాల్వు ఎక్కడా పెట్టొద్దు. పెడితే రెండు డ్రెయిన్లు ఉండీ లేనట్టే. మూత చదునుగా కాకుండా ఉబ్బెత్తుగా ఉండాలి, స్టెయిన్‌లెస్ స్క్రూలతో బిగించాలి. మామూలు స్క్రూలు క్లోరిన్‌కు తుప్పుపట్టి ఏడాదిలో ఊడతాయి. మూత పగిలినా, కదిలినా కొత్తది వేసేదాకా పూల్ మూసేయండి. అడుగు తుడిచే గొట్టం తగిలించడానికి గోడకు ఉండే రెండంగుళాల రంధ్రాన్ని చాలామంది మరిచిపోతారు. వాడనప్పుడు దానికి మూత ఉండాలి. మన ఆడపిల్లలు పంజాబీ డ్రెస్సు, చున్నీతోనే దిగుతారు. చున్నీ, విప్పిన జుట్టు డ్రెయిన్‌లో చుట్టుకుంటాయి. చున్నీ తీసి, జడ ముడేసుకుని దిగమని చెప్పాలి. మోటారు ఆపే ఎర్ర మీట పూల్ పక్కనే, అందరికీ కనిపించేలా ఉండాలి. ఎవరైనా ఇరుక్కుంటే ముందు ఆ మీట, తర్వాతే మనిషి.

కరెంటు. నీళ్లలో దీపాలు 12 వోల్టులవే ఉండాలి, వాటికి కరెంటు ఇచ్చేది ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరే కావాలి, అది నీళ్లకు దూరంగా ఉండాలి. మోటారు, దీపాల సర్క్యూట్‌కు 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైన వెంటనే సప్లై ఆపేసే స్విచ్చు) తప్పనిసరి. దాని మీది టెస్టు బటన్‌ను నెలకోసారి నొక్కాలి, టప్పున పడిపోవాలి. పడకపోతే అది పెట్టె మాత్రమే. నిచ్చెన, పట్టుకునే కడ్డీలు, మోటారు బాడీ, పూల్ గోడల్లోని ఇనుము అన్నీ ఒకే రాగి తీగతో కలిపి ఎర్తింగ్‌కు ఇవ్వాలి. ఈ పని కాంక్రీటు పోయకముందే జరగాలి, తర్వాత చేయడానికి ఉండదు. ప్లగ్ పాయింట్లు నీటి అంచు నుంచి మూడున్నర మీటర్ల అవతల. పార్టీ రోజుల్లో డీజే బాక్సులకు, సీరియల్ లైట్లకు తోటలోని స్టార్టర్ డబ్బా నుంచి వైరు లాగుతారు. చాలా స్టార్టర్ డబ్బాల్లో ఆర్‌సీసీబీ ఉండదు, ఎర్తింగ్ రాడ్డు ఎప్పుడో ఎండిన మట్టిలో ఉంటుంది. తడిసిన అతుకు ఒక్కటి నీళ్లకు తగిలితే చాలు. నిచ్చెన పట్టుకుంటే జివ్వుమందని ఎవరన్నా చెప్తే నవ్వి ఊరుకోవద్దు. ఇనుము ముట్టకుండా అందరినీ బయటికి రమ్మని, మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్ చూసేదాకా పూల్ మూసేయాలి. షాక్ తగిలి నీళ్లలో బిగుసుకుపోయిన మనిషి కోసం మెయిన్ ఆపకుండా దూకితే దూకినవాళ్లూ పోతారు. కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఈ ఒక్క ఆర్‌సీసీబీని నొక్కి చూసి ఇవ్వమని విద్యుత్ పంపిణీ సంస్థకు కలెక్టర్లు చెప్పాలి.

మోటబావుల్లో ఈత నేర్చినవాళ్లకు గడ్డ మీది నుంచి తలకిందులుగా దుంకుడు అలవాటు. బాయిలో ముప్పై అడుగుల నీళ్లు. ఇంటి పూల్‌లో నాలుగో, ఐదో అడుగులు. తలకిందులుగా దూకాలంటే కనీసం 9 అడుగుల లోతు కావాలి. అది లేనిచోట మెడ విరుగుతుంది. లోతును అడుగుల్లో, గట్టు మీద జానెడు అంకెలతో రాయించండి. మెడ దెబ్బ అనుమానం ఉంటే, ఊపిరి ఆడుతుంటే గబుక్కున లాగేయొద్దు. తల, మెడ కదలకుండా పట్టుకుని నీళ్లలోనే వెల్లకిలా తేల్చి ఉంచి, పలక మీద బయటికి తీయాలి.

ఎవరన్నా మునుగుతుంటే ఈతరానివాళ్లు దూకొద్దు. ఒకరి కోసం ఇంకొకరుగా ముగ్గురు నలుగురు పోయే ప్రమాదాలు చెరువుల దగ్గర జరిగేది ఇందుకే. కంచెకు లోపల, ఎప్పుడూ అదే చోట, 12 అడుగుల వెదురు గెడ తగిలించి ఉంచండి. పక్కనే 20 లీటర్ల ఖాళీ వాటర్ క్యాన్, మూత బిగించి, పిడికి 30 అడుగుల నైలాన్ తాడు కట్టి పెట్టండి. ఆ క్యాన్ పెద్ద మనిషిని కూడా తేల్చి పట్టుకుంటుంది. బోర్లా పడుకుని గెడ అందించాలి, లేదా మనిషికి అవతలగా క్యాన్ విసిరి తాడు లాగాలి. ఏదీ లేకపోతే చీర కొంగైనా సరే.

బయటికి తీశాక మన ఊళ్లలో చేసేవి కొన్ని ప్రాణం తీస్తాయి. కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పడం, బోర్లించి కడుపు నొక్కడం, ఫోన్లలో తిరిగే సలహా నమ్మి ఒంటి నిండా ఉప్పు కప్పడం. కడుపు నొక్కితే లోపలి నీళ్లూ తిండీ పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెదడుకు ప్రాణవాయువు అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది. ఆ నిమిషాలన్నీ ఈ తిప్పడంలోనే అయిపోతాయి. చేయాల్సింది ఇది. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. పిలిచినా కదలకపోతే, ఊపిరి మామూలుగా ఆడకపోతే, ఒకరు 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. ఇంకొకరు తల కాస్త వెనక్కి వంచి, గదుమ పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఐదుసార్లు ఊదాలి. ప్రతిసారీ రొమ్ము లేవాలి. పసిబిడ్డకు నోరూ ముక్కూ కలిపి మన నోటితో కప్పి మెల్లగా ఊదాలి. మునిగినవాళ్లకు పోయింది ఊపిరి కాబట్టి ముందు ఊపిరే ఇవ్వాలి. తర్వాత రొమ్ము నడిమధ్య ముప్పైసార్లు నొక్కడం, రెండుసార్లు ఊదడం, ఆగకుండా. పెద్దవాళ్లకు ఐదారు సెంటీమీటర్ల లోతు, పిల్లలకు రొమ్ము మందంలో మూడో వంతు. నిమిషానికి 100 నుంచి 120 నొక్కుళ్లు, అంటే సెకనుకు రెండు కన్నా కాస్త తక్కువ. నోటి నుంచి నురగ వస్తే తుడుస్తూ కూర్చోవద్దు. వాంతి అయితే పక్కకు తిప్పి, వేలితో తీసి, మళ్లీ మొదలుపెట్టండి. ఒంటరిగా ఉంటే ముందు ఒక నిమిషం ఇదంతా చేసి తర్వాత ఫోన్ చేయండి. బిడ్డ లేచి ఏడ్చి, బాగానే ఉందనిపించినా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఊపిరితిత్తుల్లో పోయిన నీళ్ల ప్రభావం కొన్ని గంటల తర్వాత కూడా తేలొచ్చు. 4 నుంచి 8 గంటలు డాక్టర్ల ముందు ఉండాల్సిందే.

అంబులెన్సుకు తోట దొరకదు. ఇంటి నంబరు ఉండదు, వీధి పేరు ఉండదు, గూగుల్ మ్యాపు పక్క మడికి చూపిస్తుంది. గేటు మీద, పూల్ దగ్గరా ఒక బోర్డు రాయించండి. ఊరు, మండలం, సర్వే నంబరు, మెయిన్ రోడ్డు నుంచి ఏ మలుపు, ఆ మలుపు దగ్గర కనిపించే గుడో దర్గానో రైస్ మిల్లో. భయంలో ఉన్న మనిషి ఆ బోర్డు చదివితే చాలు. ఒకరిని బండి మీద రోడ్డు దాకా పంపండి.

పూల్స్ లేని ఊళ్లలో కూడా ఇదే ప్రమాదం ఇంకో రూపంలో ఉంది. ప్లాస్టిక్ షీటు పరిచిన నీటి కుంటలు తోటల్లో చాలా ఉన్నాయి. ఆ షీటు తడిస్తే సబ్బులా జారుతుంది, ఈత వచ్చినవాడు కూడా ఎక్కిరాలేడు. నాలుగు వైపులా పైన గుంజలు పాతి, అడుగుకొక ముడి వేసిన లావు తాళ్లు నీళ్లలోకి వదిలితే పట్టుకుని రావొచ్చు. కుంటలకు సబ్సిడీ బిల్లు చేసే ముందు ఆ తాళ్లు, చుట్టూ కంచె ఉన్నాయో లేదో ఉద్యానశాఖ అధికారులు చూడాలి. ఇంటి సంపు మూత ఇనుపదై, పిల్లలు ఎత్తలేనిదై ఉండాలి. శుభ్రం చేయడానికి ఖాళీ చేసిన పూల్ అడుగున మూలకు నిలిచిన జానెడు నీళ్లు కూడా పసిబిడ్డకు చాలా ఎక్కువ. కంచె గేటు అప్పుడు కూడా పడి ఉండాలి.

ప్రతి మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దగ్గర నెలకో పూట సీపీఆర్ (పైన చెప్పిన ఊదడం, రొమ్ము నొక్కడం) నేర్పించమని కోరుతున్నాం. మొదట పిలవాల్సింది ఫామ్‌హౌస్ వాచ్‌మన్లను, వాళ్ల భార్యలను, అంగన్‌వాడీ టీచర్లను. పూల్ పక్కన అన్ని రోజులూ ఉండేది వాచ్‌మన్ల కుటుంబాలే. పైన రాసిన కొలతలన్నీ ఒకే పేజీలో బొమ్మలతో తెలుగులో తయారుచేసి ఇస్తాం. పంచాయతీ కార్యదర్శులకు ఏదో ఒక పూల్ దగ్గర గేటు, డ్రెయిన్, కరెంటు బోర్డు ఎట్లా చూడాలో ఒక పూట చూపిస్తాం. డబ్బులేమీ తీసుకోం. హోలీ, ఒంటిపూట బడులు రాకముందే పిలవండి.

ఇట్లు,
మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రాంతాల్లో ఈత కొలనుల నిర్మాణం, నిర్వహణ, ఈత శిక్షణ పనుల్లో ఉన్నవాళ్లం